వర్చువల్ టూర్ తర్వాత చూద్దాం, ముందు మీ రిజిస్టర్ తెరవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఊళ్లో ట్రస్టు నడిపే చిన్న మ్యూజియం. వెయ్యికి పైగా వస్తువులు, అంటే నాణేలు, రెండు వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు), కొన్ని శాసనాలు, మిగతావన్నీ పాత సేద్యం సామాను, వంటింటి సామాను. ఒక దాత ఐదు లక్షలు ఇచ్చారు. ఆ డబ్బు మొత్తం తీసుకుని 360 డిగ్రీల వర్చువల్ టూర్‌తో (అంటే తెర మీదే గదులన్నీ చుట్టూ తిరిగి చూసేలా) వెబ్‌సైట్ చేసిస్తామని ఒక కంపెనీ వెంటపడుతోంది. చేయించమంటారా, అసలు పెద్ద మ్యూజియంలు ఆన్‌లైన్‌లో జనాన్ని ఎలా రాబట్టుకుంటున్నాయి అని.

ఇప్పుడే వద్దండీ. ఐదు లక్షలూ దాని మీదే పోసేటట్లయితే అస్సలు వద్దు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

నేను మ్యూజియంల డాక్యుమెంటేషన్ పనిలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను. మొదట వస్తువుల ఫొటోలు తీసేవాణ్ణి, తర్వాత కేటలాగు రాయడంలో కూర్చోబెట్టారు, ఆ తర్వాత వెబ్‌సైట్ ఎవరి పనీ కాదు కాబట్టి అది కూడా నా నెత్తినే పడింది. కాబట్టి కింద చెప్పే తప్పుల్లో కొన్ని నావే.

ముందుగా మ్యూజియం వెబ్‌సైట్‌కి వచ్చేది ఎవరు? మనం అనుకుంటాం పరిశోధకులు, కళాభిమానులు అని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది రేపు పిల్లల్ని తీసుకుని వద్దామనుకుంటున్న తల్లిదండ్రులు, స్కూలు టూర్ పెట్టిన మాస్టర్లు. వాళ్లకు కావలసింది ఈ రోజు తెరిచి ఉంటారా, టికెట్ ఎంత, కెమెరాకి వేరే టికెట్టా, బస్సు ఎక్కడ ఆపాలి, లోపల మంచినీళ్లు, బాత్రూమ్ ఉన్నాయా, ముసలావిడని తీసుకొస్తే మెట్లు ఎక్కాలా. అంతే. నేను పనిచేసిన ఒక చోట (పేరొద్దు) వెబ్‌సైట్ తెరిస్తే ముందు ఛైర్మన్ గారి ఫొటో, దాని కింద డైరెక్టర్ గారి ఫొటో, తర్వాత ‘మా ఆశయాలు’, పైన అటూ ఇటూ పరిగెత్తే ఎర్ర అక్షరాలు, ఓ మూల ‘మీరు ఇన్నో సందర్శకులు’ అని తిరిగే మీటరు. సెలవు ఏ రోజో తెలియాలంటే ఒక పీడీఎఫ్ దింపుకుని అందులో మూడో పేజీ చూడాలి, అదీ స్కాన్ చేసిన నోటీసు. సెలవు శుక్రవారం నుంచి సోమవారానికి మారింది, నోటీసు మారలేదు. ఒక సోమవారం ఎక్కడి నుంచో బండి మాట్లాడుకుని ఒక కుటుంబం మొత్తం వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. తిట్లన్నీ తిన్నది వాచ్‌మన్, ఆ పేజీ మార్చాల్సిన నేను ఆ రోజు సెలవు కదా అని ఇంట్లో హాయిగా పడుకుని ఉన్నాను.

మన దగ్గర ఈ గందరగోళం ఊరికే రాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు, ఢిల్లీ నేషనల్ మ్యూజియంకి సోమవారం. ఒకచోట చూసినవాళ్లు ఇంకోచోట కూడా అంతే అనుకుంటారు. అందుకే మీ మొదటి పేజీలో, ఫోన్‌లో వేలుతో కిందకి జరపకుండానే కనిపించేలా, ‘ఈ రోజు తెరిచి ఉంది, సాయంత్రం ఇన్నింటి వరకు’ అని మామూలు అక్షరాల్లో ఉండాలి. బొమ్మలో రాసిన అక్షరాలు వద్దు. కళ్లు కనిపించనివాళ్లకి తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గానీ, గూగుల్ గానీ బొమ్మలోని అక్షరాల్ని సరిగ్గా పట్టుకుంటాయన్న గ్యారంటీ లేదు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీ వెబ్‌సైట్ కంటే గూగుల్ మ్యాప్స్‌లో మీ మ్యూజియం పేరు కింద వచ్చే పెట్టెని చూసేవాళ్లే ఎక్కువ. దాన్ని ఎవరో పోయే దారిన పోయేవాడు తయారుచేసి ఉంటాడు, అందులో ఫోన్ నంబరు కూడా తప్పయి ఉండొచ్చు. అది మాది అని గూగుల్‌కి రుజువు చూపించి మీ చేతిలోకి తెచ్చుకోండి, పండగ సెలవులు ముందే అందులో పెట్టండి, కింద రాసిన రివ్యూలకి మర్యాదగా జవాబులివ్వండి, ఫ్యాన్లు లేవని తిట్టినవాళ్లకి కూడా. ఈ పని ఈ వారమే చేయొచ్చు.

ఇక అసలు విషయం. మీ దగ్గర అక్సెషన్ రిజిస్టర్, అంటే మ్యూజియంకి వచ్చిన ప్రతి వస్తువునీ నంబరు వేసి రాసుకునే పుస్తకం, ఏ స్థితిలో ఉంది? ప్రతి వస్తువుకీ నంబరు ఉందా? ఆ నంబరు వస్తువు మీద కూడా ఉందా, పుస్తకంలోనే ఉందా? ఎవరిచ్చారు, ఏ ఊరు, ఎప్పుడు వచ్చింది అన్నది రాసి ఉందా? ఇవి లేకుండా కట్టే ఏ వెబ్‌సైట్ అయినా పెళ్లి పందిరి లాంటిదే, నాలుగు రోజులు బావుంటుంది. బయటకి మనకి కనిపించే పెద్ద మ్యూజియంల ఆన్‌లైన్ కలెక్షన్ల వెనక ఉన్నది ఈ రిజిస్టరే, అందంగా చొక్కా తొడుక్కుని వచ్చింది.

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ చెప్తాను. అమరావతి స్తూపం రాళ్లు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో కొన్ని, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో నూటికి పైగా, అమరావతిలోనే కొన్ని ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు పంపినవాటిలో చాలా రాళ్లు 1859లో లండన్‌కి ఓడెక్కాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. వాళ్ల సైట్‌లో ఆ రాళ్ల నంబర్లు చూడండి, చాలావాటికి 1880,0709 అని మొదలవుతుంది. అంటే 1880వ సంవత్సరం, ఏడో నెల, తొమ్మిదో తారీఖున రిజిస్టర్‌లో ఎక్కింది, చుక్క తర్వాత అందులో ఎన్నో వస్తువో. నూటనలభై ఏళ్ల కింద ఎవరో గుమాస్తా సిరాతో రాసిన నంబరే ఈ రోజు వెబ్‌పేజీ చిరునామాకి ఆధారం. 2020లో ఆ సైట్‌ని తిరగరాసినప్పుడు 19 లక్షల ఫొటోలు పెట్టారు. ఆ రాళ్లు అక్కడ ఉండటం న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద గొడవ, అందులో నా అభిప్రాయం మీరు ఊహించగలరు. కానీ గుంటూరులో కూర్చుని పీజీ చేస్తున్న పిల్లకి సొంత ప్రాంతపు రాయి లండన్ సైట్‌లో నంబరుతో, కొలతలతో, దగ్గరికి జరిపి చూసుకునే ఫొటోతో దొరుకుతుంటే, ఇక్కడివాటి కోసం ఒక అర్జీ, ఒక రికమండేషన్ లెటరు పట్టుకుని తిరగాల్సి రావడం నాకు ప్రతిసారీ కడుపు మండే విషయం.

మనవాళ్లు అసలేమీ చేయలేదని కాదు. పుణెలోని సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్లు ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు, దాంతో కేంద్ర ప్రభుత్వ మ్యూజియంల వస్తువులు ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లోకి ఎక్కాయి. సాలార్‌జంగ్ ఉంది, మన నాగార్జునకొండ మ్యూజియం కూడా ఉంది. ఒకసారి అందులో గంటసేపు తిరగండి. ఒక వస్తువుకి ఏమేం వివరాలు రాయాలో ఆ గళ్లు చూస్తే తెలిసిపోతుంది, మీ ఎక్సెల్ షీట్‌కి అదే నమూనా.

మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఫొటోలన్నీ నెట్‌లో పెడితే దొంగలకి దారి చూపించినట్టు కాదా అని. ఇది నేను ప్రతి మీటింగ్‌లో విన్నాను. జరిగింది చూడండి. 2023లో బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 2,000 వస్తువులు పోయాయి లేదా పాడయ్యాయని బయటపడింది. వాటిలో చాలావరకు సరిగ్గా కేటలాగు చేయని చిన్న రత్నాలు, నగల ముక్కలు. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో కొన్ని అమ్మకానికి కనిపించాయని ఒక డీలరు 2021లోనే హెచ్చరించాడు. పోయింది మనదే అని చెప్పడానికి ఫొటో ఉండాలి కదా. ఆ దెబ్బతోనే అయిదేళ్లలో మొత్తం కలెక్షన్‌ని ఆన్‌లైన్‌లో పెడతామని ప్రకటించారు. మన పక్కనే చూస్తే, తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా పోయి 2014లో తిరిగొచ్చాడంటే, పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దగ్గర పాత ఫొటో ఉండబట్టి. అయితే ఒకటి, వస్తువు ఏ గదిలో ఏ బీరువాలో ఉంటుందో, దాని ధర ఎంతో మాత్రం సైట్‌లో పెట్టకండి. అది లోపలి రిజిస్టర్‌లోనే ఉండాలి.

ఫొటోల సంగతి వచ్చింది కాబట్టి వాటర్‌మార్కు గురించి. దయచేసి వస్తువు నడుం మీద అడ్డంగా ట్రస్టు పేరు వేయకండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం కథ మా ఫీల్డ్‌లో అందరికీ తెలిసిందే. వెర్మీర్ అనే పాతకాలపు డచ్ చిత్రకారుడు వేసిన పాలు పోసే అమ్మాయి బొమ్మ వాళ్ల దగ్గరుంది. నెట్‌లో దానికి పదివేలకు పైగా నకళ్లు తిరుగుతున్నాయి, చాలావరకు పసుపు పట్టిపోయినవి. చివరికి ఏమైందంటే, మ్యూజియం షాపులో సరైన రంగులతో అమ్మే పోస్టుకార్డు చూసి జనం ఇది అసలు బొమ్మలా లేదే అన్నారట. అసలుది తలుపేసుకుని దాచిపెడితే నకిలీదే అసలైపోతుందని వాళ్లకి అర్థమైంది. 2012లో రైక్స్‌స్టూడియో పేరుతో 1,25,000 ఫొటోలు పెద్ద సైజులో, ఉచితంగా, ఎవరైనా దింపుకుని చొక్కా మీద వేసుకున్నా సరే అని వదిలేశారు. అప్పటికి ఆ మ్యూజియం మరమ్మతుల్లో ఉంది, 2013 ఏప్రిల్‌లో గానీ తెరవలేదు. జనం రాకుండా పోయారా? తెరిచాక క్యూలు కట్టారు. తర్వాత 2017లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 3,75,000 ఫొటోలు, 2020లో అమెరికాలోనే పెద్ద మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ 28 లక్షల ఫొటోలు, త్రీడీ నమూనాలు అలాగే వదిలాయి.

మీరూ అలా వదలాలంటే ఒక్క జాగ్రత్త. వెయ్యేళ్ల శాసనం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, కానీ దాని ఫొటో తీసినవాడికి ఆ ఫొటో మీద ఉండొచ్చు. కాబట్టి ఫొటోగ్రాఫర్‌తో పని మొదలుపెట్టకముందే హక్కులు ట్రస్టువి అని కాగితం మీద రాయించుకోండి. నేను ఒకసారి ఈ కాగితం లేకుండా మూడు నెలల పని చేయించాను, ఆ ఫొటోలు ఇప్పటికీ ఒక హార్డ్ డిస్క్‌లో మూలుగుతున్నాయి. కొత్త చిత్రకారుల బొమ్మలు ఏమైనా ఉంటే అవి వేరే లెక్క, మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులదే.

ఫొటోలు తీయడం మరీ బ్రహ్మవిద్య కాదు. ఒక ఓ మోస్తరు కెమెరా, స్టాండు, రెండు ఎల్‌ఈడీ లైట్లు, వాటికి అడ్డంగా వెలుగు మెత్తబడ్డానికి బటర్ పేపర్, వెనక బూడిద రంగు గుడ్డ, పక్కన స్కేలు, ఫొటోలో రంగులు సరిచూసుకోడానికి రంగుల కార్డు. శాసనాలకీ వీరగల్లులకీ మాత్రం లైటు ఎదురుగా పెట్టకండి, ఒక పక్క నుంచి దాదాపు రాయిని ఆనుకున్నట్టు వాలుగా వేయండి, చెరిగిపోయిన అక్షరాలు కూడా లేచి నిలబడతాయి. ఫైలు పేరు అక్సెషన్ నంబరే ఉండాలి. ‘కొత్త ఫోల్డరు’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అనే జబ్బు మొదటి రోజే ఆపాలి. పెద్ద ఫైళ్లు రెండు డిస్కుల్లో, అవి రెండు ఇళ్లలో. సైట్‌లోకి మాత్రం చిన్నవి చేసి ఎక్కించండి, ఒక్కో పేజీ పన్నెండు ఎంబీలుంటే బస్సులో కూర్చుని చూసేవాడు మూసేసి రీల్స్‌కి వెళ్లిపోతాడు.

ఇప్పుడు వెతుకులాట. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇష్టమైన భాగం ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియం 2017లో ఒక పని చేసింది. ఒక నంబరుకి ‘నాకు సముద్రం పంపు’ అనో, ‘నాకు నీలం పంపు’ అనో మెసేజ్ పెడితే, వాళ్ల కలెక్షన్‌లోంచి దానికి తగ్గ బొమ్మ ఒకటి ఫోన్‌కి వచ్చేది. గోడల మీద చూపించగలిగింది కలెక్షన్‌లో అయిదు శాతమే, మిగతాది గోడౌన్లో. జనం లక్షల్లో మెసేజ్‌లు పెట్టారు. వాళ్లకి చిత్రకారుల పేర్లు రావు, కళా ఉద్యమాల పేర్లు రావు, కానీ తమకి ఏం చూడాలనుందో తెలుసు. మ్యూజియంవాళ్ల భాషలో కాకుండా వాళ్ల భాషలో అడగనిచ్చారు, అదే కిటుకు.

దీన్ని మీ దగ్గరికి తీసుకురండి. మీ రిజిస్టర్‌లో ‘ధాన్యపు కొలత పాత్ర, ఇత్తడి’ అని ఉంటుంది, అదీ ఇంగ్లిష్‌లో. ప్రపంచంలో ఏ తెలుగువాడూ ఆ మాట కొట్టి వెతకడు. సోలెడు, తవ్వెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు అని వెతుకుతాడు. తిరగలి అని రాస్తే తెలంగాణ నుంచి వెతికేవాడికి దొరకదు, అతనికి అది ఇసుర్రాయి. కాబట్టి ఒక్కో వస్తువుకీ ఒక పేరు కాకుండా ఎన్ని పేర్లుంటే అన్ని పేర్లూ రాయడానికి ఒక గడి పెట్టుకోండి, తెలుగు లిపిలోనూ, ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ఎలా కొడతారో అలానూ. అమరావతి అని ఇంగ్లిష్‌లో కొడితే సగం మహారాష్ట్ర అమరావతి వస్తుంది, జిల్లా పేరు కూడా జతచేయాలి. ఇలాంటి చిన్న చిన్నవాటికే పేజీ దొరకడం, దొరక్కపోవడం.

మరి ఆ పేర్లన్నీ ఎవరు చెప్తారు? మీ పేజీ చూసే జనమే. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాలోనో ఆ పనిముట్టు ఫొటో ఒక్కటి పెట్టి ‘మీ ఊళ్లో దీన్ని ఏమంటారు, ఎవరు వాడేవారు?’ అని అడగండి. నేను ఒకసారి ఒక గొర్రు ఫొటో పెట్టి అడిగితే, దాని చెక్క భాగాలకి ఒక్కోదానికీ పేరు చెప్పిన పెద్దాయన ఒకరు, మా క్యూరేటర్ లేబుల్ తలకిందులుగా ఉందని తేల్చిన ఆవిడ ఒకరు, అమెరికా నుంచి మా తాతగారి ఇంట్లో ఇదే ఉండేదని ఫొటోతో సహా పంపిన అబ్బాయి ఒకడు. ఆ కామెంట్లన్నీ ఆ రాత్రే ఎక్సెల్‌లోకి దించుకున్నాను, చెప్పినవాళ్లని అడిగి మరీ వాళ్ల పేర్లు రికార్డులో వేశాం. వాళ్లు తర్వాత మ్యూజియంకి పిల్లల్ని తీసుకుని వచ్చారు, ఇది నేను చెప్పిన పేరే అని చూపించడానికి. ‘ప్రపంచ మ్యూజియం దినోత్సవ శుభాకాంక్షలు’ అని పువ్వుల బొమ్మ పెడితే ఇది జరగదు. మ్యూజియంకి నిజంగా తెలియని విషయం అడగాలి, తెలిసింది క్విజ్‌లా అడిగితే జనానికి స్కూలు గుర్తొస్తుంది.

ఇంగ్లండ్ రెడింగ్‌లో పల్లె జీవితం మీద ఒక మ్యూజియం ఉంది, మీదాంట్లాగే నాగళ్లు, బండ్లు, పాడి సామాను. 2018 ఏప్రిల్‌లో వాళ్లు ఒక బలిసిన పొట్టేలు పాత నలుపు తెలుపు ఫొటో పెట్టి, మన భాషలో చెప్పాలంటే ‘అబ్బో, ఏముందిరా ఈ పొట్టేలు’ అన్నట్టు ఒక్క ముక్క రాశారు. లక్షకు పైగా లైకులు. జోకు పేలింది కదా అని అక్కడితో ఆగకుండా, నవ్వి వచ్చినవాళ్లకి ఆ జాతి ఏమిటి, గొర్రెల్ని అలా ఎందుకు పెంచేవారు అని చెప్తూ పోయారు, అది నాకు నచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఓక్లహోమాలోని కౌబాయ్ మ్యూజియం వాళ్లు, లోపల మిగిలింది సెక్యూరిటీ గార్డు ఒక్కడే కదా అని ట్విట్టర్ అతని చేతికిచ్చారు. టిమ్ అనే ఆ పెద్దాయనకి హ్యాష్‌ట్యాగ్ గుర్తు ఎలా పెట్టాలో తెలియక ‘హ్యాష్‌ట్యాగ్’ అని అక్షరాల్లో రాసేవాడు. జనం ఆయనకి దాసోహమన్నారు. మీ దగ్గర కూడా అలాంటి అటెండరు ఒకరు ఉండే ఉంటారు, వీరగల్లు ముందు నిలబడి ‘ఇదిగో ఈ పక్కన కుక్క చూడండి, ఇది కూడా ఆయనతోనే పులి మీదికి దూకింది’ అని పిల్లలకి చెప్పేవాడు. ఫోన్ నిలువుగా పెట్టి ఆయన్ని మాట్లాడించండి. నిమిషం చాలు. ఆయన మాటలు కింద తెలుగు అక్షరాల్లో వేయండి, చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు. స్క్రిప్టు రాసి యాంకరమ్మాయితో చదివించారంటే అది టీవీ ప్రకటన అయిపోతుంది.

అలాగని అన్నీ ఫేస్‌బుక్‌లోనే ఉంచేయకండి. వియన్నాలో ఉన్న 30 వేల ఏళ్ల నాటి విల్లెండార్ఫ్ నగ్న స్త్రీమూర్తి ఫొటోనే ఫేస్‌బుక్ అశ్లీలమని తీసేసి, 2018లో గొడవయ్యాక క్షమాపణ చెప్పింది. మన యక్షిణులు, శాలభంజికల గతి మీరే ఊహించండి. అసలు పేజీ మీ సైట్‌లో ఉండాలి, మిగతావన్నీ అక్కడికి దారి చూపే బోర్డులు. వీలైతే మంచి ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా ఫొటోలు ఉండే ఉచిత భాండారం) కూడా వేయండి, తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసంలో ఆ శాసనం ఫొటో ఉంటే మీ సైట్‌కి రానివాళ్లూ చూస్తారు.

ఇక ‘మా ఇంట్లో విక్టోరియా రాణి నాణెం ఉంది, ఎంత పలుకుతుంది?’ అనే మెయిళ్లు వస్తాయి. రోజూ వస్తాయి. చిరాకు పడకండి, ఒక మర్యాదైన జవాబు తయారుచేసి పెట్టుకోండి: మేం ధర కట్టం, కానీ ఇది ఏ కాలందో ఇక్కడ చూసి తెలుసుకోవచ్చు అని మీ నాణేల పేజీ లింకు. నాణెం ధర కోసం వచ్చినవాడే తాతగారి తాళపత్రాలు తెచ్చి ఇచ్చిన సందర్భం నాకు తెలుసు.

ఇప్పుడు మీ వర్చువల్ టూర్. దాని మీద నాకు పగ లేదు. 2018 సెప్టెంబరు 2న రియో డి జనీరోలో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం కాలిపోయింది, దాదాపు రెండు కోట్ల వస్తువుల్లో చాలావరకు బూడిద. అప్పుడు వికీపీడియావాళ్లు మీ ఫోన్లలో ఉన్న ఆ మ్యూజియం ఫొటోలు పంపండి అని జనాన్ని బతిమాలారు, అంతకు ముందు గూగుల్ తీసిన గదుల ఫొటోలు కూడా అక్కరకొచ్చాయి. కాబట్టి గది గదికీ రికార్డు ఉండటం మంచిదే. కానీ మ్యూజియంవాళ్లు ఒకప్పుడు డబ్బులు పోసి చేయించుకున్న టూర్లలో చాలా ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ అయిపోయింది, ఆ టూర్లు కూడా దాంతోపాటే పోయాయి. టూర్‌లో గాజు పెట్టెల మీద లైటు మెరుపు కనిపిస్తుంది, లేబుల్ చదవరాదు, గూగుల్‌లో వెతికితే అందులోని ఏ వస్తువూ దొరకదు. మొదటి రోజు అందరూ రెండు గదులు తిరిగి చూస్తారు, మళ్లీ రారు. రైక్స్ మ్యూజియం 2022లో రెంబ్రాంట్ వేసిన ‘నైట్ వాచ్’ అనే పెద్ద చిత్రాన్ని 71,700 కోట్ల పిక్సెళ్లతో పెట్టిందంటే, అది ఆ బొమ్మ మీద జరుగుతున్న పరిశోధన కోసం తీసినది, జనానికి ఉచితంగా చూపించారు. మనం దాన్ని చూసి వాత పెట్టుకోనక్కర్లేదు. గదుల రికార్డు కోసమైతే ఒక 360 కెమెరా రోజు అద్దెకి తెచ్చి మీరే తీసి దాచుకోండి.

కంపెనీవాళ్లని నాలుగు ప్రశ్నలడగండి, అడిగేటప్పుడు మొహం చూడండి. డొమైన్, అంటే సైట్ చిరునామా, ఎవరి పేరు మీద కొంటారు? మీ కంపెనీ మూతపడితే మా ఫొటోలు, వివరాలు ఎక్సెల్‌గా బయటికి తీసుకోగలమా? మా దగ్గరున్న టైపిస్టు తనే కొత్త వస్తువు చేర్చగలదా, లేక ప్రతిసారీ మీకు ఫోన్ చేయాలా? రెండో ఏడు నుంచి ఏడాదికి ఎంత? మొదటి ప్రశ్న ఎందుకంటే, నాకు తెలిసిన ఒక సంస్థ సైట్ వెండరు పేరు మీద ఉండేది, అతను ఫోన్ ఎత్తడం మానేశాడు, రెన్యువల్ తప్పింది, కొన్నాళ్లకి ఆ చిరునామా తెరిస్తే రమ్మీ ప్రకటనలు. స్కూలు పాఠ్యపుస్తకాల పక్కన మాస్టర్లు రాసుకున్న చిరునామా అది.

సాఫ్ట్‌వేర్‌కి లక్షలు అక్కర్లేదు. మీ సైజుకి ఓమేకా సరిపోతుంది, అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీవాళ్లు ఇలాంటి కలెక్షన్ల కోసమే చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెలిసిన కుర్రాడు దాన్ని నడపగలడు. హోస్టింగ్, అంటే సైట్‌ని ఉంచే సర్వర్ అద్దె, మామూలుది చాలు. 2008లో యూరప్ మ్యూజియంలు, లైబ్రరీల కలెక్షన్లని ఒకేచోట చూపించడానికి యూరప్ మొత్తం కలిసి పెట్టిన యూరోపియానా సైట్ మొదటి రోజే జనం తాకిడికి కూలిపోయింది, మీకు ఆ టెన్షన్ రావాలని కోరుకుంటాను గానీ ఇప్పట్లో రాదు.

నేనైతే ఆ ఐదు లక్షల్లో పెద్ద భాగం మనుషులకి పెడతాను. చరిత్రో, లైబ్రరీ సైన్సో చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో ఏడాదిపాటు పెట్టుకోండి, రోజుకి ఐదు వస్తువులు చాలు: తుడవడం, కొలవడం, ఫొటో, నంబరు, తెలుగులో నాలుగు వాక్యాలు. ఏడాది తిరిగేసరికి వెయ్యి దాటుతాయి. లైట్లు, డిస్కులు, సైట్ తయారీ కలిపి ఒకటిన్నర లక్షల్లోపు ముగించాలి. కొంత డబ్బు ముట్టుకోకుండా బ్యాంకులో వేయండి, వచ్చే నాలుగేళ్ల డొమైనూ హోస్టింగూ దాని మీదే. దాత గారికి ప్రారంభోత్సవం కావాలంటే మొదటి వంద వస్తువులతో చేయండి, రిబ్బను వెబ్‌సైట్‌కి కూడా కత్తిరించొచ్చు, ఎవరూ కాదనరు.

నెలకోసారి చూడాల్సిన లెక్క కూడా ఒకటే: మీ సైట్ వెతుకుడు పెట్టెలో జనం ఏం కొట్టి ఏమీ దొరక్క వెళ్లిపోయారో ఆ జాబితా. ‘ఇసుర్రాయి’ అని పదిమంది కొట్టి ఉత్త చేతుల్తో పోయారంటే మర్నాడు ఏం చేయాలో మీకు తెలిసిపోతుంది. లైకుల సంఖ్యతో అలా ఏమీ చేయలేం, మీటింగ్‌లో చదవడానికి తప్ప.

రిజిస్టర్‌లో మొదటి ఐదు పేజీలు, ఆ వీరగల్లుల ఫొటోలు (లైటు పక్క నుంచి వేసి తీయండి) ఇక్కడే పెడితే గళ్లు ఎలా వేసుకోవాలో నేను ఒక షీట్ తయారుచేసి ఇస్తాను. కంపెనీ కొటేషన్ కూడా వాళ్ల పేరు చెరిపేసి పెట్టండి, ఏడాది మెయింటెనెన్స్ ఖర్చు ఎక్కడ దాచారో చూద్దాం.